బట్టలు లేని స్టైలింగ్ బాక్స్

2023 ఎండాకాలం. జనగామలో మా ఇంటి ముందు గది. కూలర్ పక్కన ఒక టేబుల్, దాని మీద ల్యాప్‌టాప్, మేకుకు వేలాడే కొలతల టేపు. అదే నా ఆఫీసు. అంతకుముందు చాలా ఏళ్లు ఊళ్లోనే ఒక బట్టల షాపులో లేడీస్ సెక్షన్ చూసుకున్నాను. ఆ షాపు మూతపడ్డాక హైదరాబాద్‌లోని ఒక చిన్న కంపెనీకి పర్సనల్ స్టైలిస్ట్‌గా చేరాను. పని ఇంటి నుంచే. మా అత్తమ్మకు ఈ ఉద్యోగం మీద మొదటి నుంచీ నమ్మకం లేదు. “పొద్దుగాల్నుంచి కంప్యూటర్ల అంగీలు చూసుడు గూడ నౌకరేనా” అని ఇంటికొచ్చిన చుట్టాలందరి ముందూ అనేది.

మా పని ఏమిటో ముందు చెప్పాలి. దీన్ని స్టైలింగ్ బాక్స్ అంటారు. కస్టమర్ మా యాప్‌లో స్టైల్ ప్రొఫైల్ నింపుతుంది. అంటే కొలతలు, ఇష్టమైన రంగులు, చేసే ఉద్యోగం, ఏ బట్టలంటే చిరాకు, ఇలాంటివన్నీ. అది చదివి నేను ఐదు రకాలు ఎంచి, ఏది దేనితో వేసుకోవాలో ఒక చిన్న స్టైల్ నోట్ రాసి నెలకొక బాక్స్ పంపిస్తాను. ఆమె ఇంట్లో తీరిగ్గా వేసుకుని చూసుకుంటుంది. నచ్చినవి ఉంచుకుని మిగతావి అదే సంచిలో రిటర్న్ చేస్తుంది. మనిషిని చూడకుండా మనిషికి నప్పేది వెతకడం ఈ పనిలో ఉన్న సరదా. తిప్పలు కూడా అందులోనే.

ఇటువైపు జిల్లాలన్నీ నాకే ఇచ్చారు. భూపాలపల్లి నుంచి బ్యాంకు ఉద్యోగులు, మొగుళ్లపల్లి నుంచి ఒక టీచరమ్మ, తొర్రూరు నుంచి కొత్తగా పెళ్లయిన వాళ్లు. టీచరమ్మ ప్రొఫైల్‌లో “చేతులు మోచేతి కిందికి ఉండాలె, మా హెడ్మాస్టర్ అదోతీరు మనిషి” అని రాసింది. ఆమెకు ఏం పంపాలో నాకు వెంటనే అర్థమైంది. షాపులో అన్నేళ్లు నిలబడినందుకు ఆడవాళ్లు పైకి చెప్పేది ఒకటి, మనసులో కోరుకునేది ఒకటి అని బాగానే పసిగట్టేదాన్ని. ఆ సంగతిలో నాకు కొంచెం గర్వం ఉండేదని ఒప్పుకోవాలి.

అనిత నా పాత కస్టమర్లలో ఒకరు. తొర్రూరు దగ్గర ఒక లంబాడీ తండా వాళ్లది. మహబూబాబాద్‌లో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం. ముదురు నీలం, బూడిద రంగు, స్ట్రెయిట్ కట్ కుర్తాలు, హడావుడి లేని బట్టలు ఆమెకు ఇష్టం. కొరియర్ తండా దాకా పోదు కాబట్టి తొర్రూరు బస్టాండు దగ్గరి జిరాక్స్ షాపులో బాక్స్ దించమనేది. ఐదు పంపితే నాలుగు ఉంచుకునేది. అలాంటి కస్టమర్ ఉంటే స్టైలిస్టుకు పండగే.

ఆ ఏప్రిల్‌లో ఆమె నుంచి మెసేజ్ వచ్చింది. “అక్కా, ఈసారి బాక్స్ నాకు కాదు. మా దాదీకి. డెబ్బై దాటినయి. ఎడమ చెయ్యి పైకి లేవది. రంగురంగులవి, అద్దాలున్నవి తొడుగుతది. మీరే జర మంచిగ చూడాలె.” దాది అంటే నాయనమ్మ.

నేను ఉత్సాహంగా పని మొదలుపెట్టాను. చేయి లేవని వాళ్లకు ముందు నుంచి తెరుచుకునేవో, బాగా వదులుగా ఉండేవో కావాలి. అందుకని బొత్తాల కుర్తాలు రెండు, వదులైన కఫ్తాన్ ఒకటి, భుజాల మీద కప్పుకునే మెత్తటి కాటన్ పొంచో ఒకటి పెట్టాను. ఐదోది వెతకనక్కర్లేకుండానే దొరికింది. మా కంపెనీలో అప్పట్లో బాగా అమ్ముడుపోయే ‘బంజారా జాకెట్’. ఎర్రటి గుడ్డ మీద పసుపు, ఆకుపచ్చ కుట్లు, గుండ్రటి అద్దాలు, అంచుకు కుచ్చులు. హైదరాబాద్ పిల్లలు జీన్స్ మీద వేసుకుంటారు. బంజారా పెద్దమ్మకు బంజారా జాకెట్, ఇంతకంటే ఏం కావాలి అనుకుని బాక్స్ మూసేశాను.

ఐదుకు ఐదూ తిరిగొచ్చాయి.

రిటర్న్ చేసేటప్పుడు కారణం చెప్పాలి. సైజు సరిపోలేదనో, రంగు నచ్చలేదనో ఏదో ఒకటి నొక్కుతారు. అనిత ‘ఇతరములు’ నొక్కి ఒక వాయిస్ మెసేజ్ పంపింది. అందులో ముందు ఒక పెద్దావిడ గొంతు వాళ్ల భాషలో గడగడా ఏదో అన్నది. వెనక ఎవరో నవ్వారు. తర్వాత అనిత మెల్లగా చెప్పింది. “ఏమనుకోకు అక్కా. దీన్ల అద్దంల మొఖం కనపడ్తలేదు అంటుంది దాది.”

నాకు మొదట కోపం వచ్చింది. నచ్చకపోతే నచ్చలేదనాలి గాని వెక్కిరించడం దేనికి? రిటర్న్ సంచి నాకే వచ్చింది కాబట్టి జాకెట్ తీసి కిటికీ దగ్గర పట్టుకున్నాను. అద్దాలన్నీ మెరిసే ప్లాస్టిక్ కాగితం బిళ్లలు. చుట్టూ కుట్లనుకున్నవి అచ్చు గుద్దిన గీతలు. అంతమందికి పంపించాను, ఒక్కసారి కూడా వేలితో తడిమి చూడలేదు. కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. అనితకు ఫోన్ చేశాను.

“మీ దాదీకి అసలు ఏం గావాలె అనితా?” అని అడిగాను.

“ఆమెకు ఏం వద్దట అక్కా. నాకే గావాలె,” అంది.

అప్పుడు మొత్తం చెప్పింది. దాది పేరు కేస్లీ. వాళ్ల ఇళ్లల్లో పెళ్లికూతురు అత్తవారింటికి పోయేటప్పుడు ఢావ్లో పాడుతుంది. కళ్లనీళ్లు పెట్టుకుంటూ, ఒక్కొక్కరి మెడను కౌగిలించుకుంటూ, రాగం తీసి పాడే ఏడుపు అది. పెళ్లికూతురు తనంతట తాను పాడటం కుదరదు. తెలిసిన పెద్ద మనిషి పక్కన మెడ కలిపి మొదలుపెడితే ఆమె అందుకుంటుంది. ఆ చుట్టుపక్కల తండాల్లో ఏ పెళ్లయినా ముందు నిలబడే గొంతు కేస్లీ దాదిదే. కిందటేడు ఒక పెళ్లిలో పాడి వస్తుంటే ఆటో బోల్తా పడి ఎడమ భుజం విరిగింది. చేయి ఉబ్బిపోతుంటే దవాఖానలో కత్తెర పెట్టి రవికె కోసి తీయాల్సి వచ్చింది. అది ఆమె పెళ్లికి వాళ్లమ్మ కుట్టిన కాంచళి. కాంచళి అంటే వాళ్లు వేసుకునే అద్దాల రవికె.

“భుజం అతికింది గాని చెయ్యి లేస్తలేదు. వేరే కాంచళి సుత తొడగరాదు. అప్పటి సంది నైటీల్నే ఉంటుంది. మనిషొస్తె లోపలికి పోతది. వచ్చే నెల నా పెండ్లి. నైటీల పందిట్లకు రానని ఒకటే పట్టు. అమ్మకు సగమే వస్తది. డీజేలు షురూ అయినంక మేమెవ్వలం నేర్చుకోలే. దాది రాకుంటె నేను ఎట్ల ఏడ్వాలె అక్కా?”

నా సర్వీసులో ఎవరూ అలాంటి మాట అనలేదు. ఇంటర్వ్యూకు ఏం వేసుకోవాలి, ఫొటోలో లావుగా కనపడకుండా ఏం చేయాలి అని అడుగుతారు. ఏడవడానికి సాయం చేయమని అడిగింది ఈ పిల్ల ఒక్కతే. మా టీమ్ లీడ్‌కు సంగతి చెప్పాను. మంచివాడే, హైదరాబాద్‌లో కూర్చుని మా అందరి పనీ చూస్తాడు. “ఇది మన క్యాటగిరీ కాదండీ. ఆమెకు క్రెడిట్ ఇచ్చి క్లోజ్ చేసేయండి” అన్నాడు. క్రెడిట్ అంటే వచ్చే నెల బాక్స్‌కు తగ్గింపు. వచ్చే నెల ఆ పిల్ల పెళ్లే అయిపోతుంది. నేను సరేనని చెప్పి, ఆదివారం తొర్రూరు బస్సెక్కాను.

అనిత రోడ్డు మీదికి వచ్చి తీసుకుపోయింది. రేకుల ఇల్లు, ముందర వేపచెట్టు నీడలో ఆరబోసిన మిరపకాయలు. లోపల మంచం మీద కేస్లీ దాది నైటీ మీద తువ్వాల కప్పుకుని కూర్చుంది. కుడి చేతికి మోచేయి పైదాకా తెల్లటి గాజులు ఉన్నాయి. ఎడమ చేతికి ఒక్కటి కూడా లేదు, అవీ దవాఖానలోనే కోశారట. నన్ను ఎగాదిగా చూసింది.

“కాయితం అద్దాల జాకిటి పంపింది నువ్వేనా?” తెలుగులోనే అడిగింది.

“నేనే దాదీ.”

“మంచిగున్నది. మా మ్యాకపిల్లకు కడదామనుకున్న,” అంది. అనిత తల దించుకుంది. నాకు నవ్వాగలేదు, నేను నవ్వేసరికి ఆమె కూడా నవ్వింది. తర్వాత కూతురికో కోడలికో చెప్పినట్టు నన్ను పక్కన కూర్చోమంది.

అనిత ఇనుప పెట్టె తెరిచి తెల్ల గుడ్డలో చుట్టిన కాంచళిని తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ముందు దాని బరువు తెలిసింది. తర్వాత నేను చూసినదాన్ని ఎలా చెప్పాలో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. గోరంత అద్దాలు, అన్నీ నిజమైనవి. ఒక్కొక్కదాని చుట్టూ మళ్లీ మళ్లీ తిరిగిన దారం. ఛాతీ మీద గవ్వలు, పాత నాణేలు, వాటి మధ్య ఎరుపు, పసుపు, నీలం గళ్లు. ఒక గడిలో ఉన్న కుట్టు పక్క గడిలో లేదు. ఏళ్లకేళ్లు అంగట్లో బట్టలు మడతపెట్టిన చేతులు నావి. వాటికి ఏం చేయాలో తోచక ఊరికే దాని మీద ఆనించి ఉండిపోయాను. ఒక అమ్మ తన బిడ్డ కోసం కూర్చుని ఇంత పని చేసిందా అని ఆశ్చర్యపోయాను.

ఆ తర్వాత కోత చూశాను. ఎడమ మోచేతి దగ్గర మొదలై చేతి పొడవునా పైకి పోయి, భుజం దాటి మెడ దాకా ఒకే గీతలా కత్తెర నడిచింది.

“రేపు తొర్రూరుల టైలర్‌కు ఇస్తున్నం. కొత్తదాని లెక్క కుట్టిస్త అన్నడు. కుట్టినంక దాది ఎట్లనన్న తొడుగుతదేమో చూద్దామని,” అంది అనిత.

కాంచళి ఎలా వేసుకుంటారో అప్పుడే అడిగి తెలుసుకున్నాను. వీపు మీద గుడ్డ ఉండదు, తాళ్లే. అవి కోడలు కట్టగలదు, ఇబ్బంది లేదు. ఇబ్బందంతా రవికె చేతి దగ్గర. బిగుతుగా ఉండే, అద్దాలతో బిర్రుగా ఉన్న ఆ రవికె చేతిలోంచి ఆమె చేయి దూరాలంటే భుజం ముందుకు లేవాలి. ఆమె భుజం లేవదు. అంటే టైలర్ ఎంత గొప్పగా కుట్టినా అది మళ్లీ పెట్టెలోకే పోతుంది.

నేను ఆ కోతను వేలితో కింది నుంచి పైకి తడుముకుంటూ పోయాను. దవాఖానలో ఆ కత్తెర పట్టిన మనిషి కూడా నాలాగే ఆలోచించి ఉంటుంది. కదలని చేయి మీంచి, నొప్పి లేకుండా, గుడ్డ ఎటు నుంచి బయటికి రావాలి అని. గుడ్డ బయటికి వచ్చిన దారినే మళ్లీ లోపలికి పోవచ్చు కదా.

“దీన్ని కుట్టియ్యకుండ్రి,” అన్నాను.

ముసలమ్మ ముఖం ఎర్రబడింది. “చినిగింది తొడుక్కొని పందిట్ల నిలబడాల్నా నేను? నైటీల నిలబడితె నా సూపు నా మీదికే పోతది, పాట మీద ఉండది. చినిగినదాంట్ల నిలబడితె లోకం సూపు గూడ నా మీదనే ఉంటది. అంతకంటె లోపల కూసునుడు నయం.”

మాటలతో అయ్యేది కాదని అర్థమైంది. అనిత పాత కుర్తా ఒకటి అడిగి, దాని ఎడమ చేయిని మెడ దాకా అలాగే కోశాను. దాదిని కదలొద్దని చెప్పి, కుడి చేయి మామూలుగా తొడిగి, ఎడమవైపు గుడ్డను చేయి మీద దుప్పటిలా పరిచాను. భుజం మీద ఒకటి, చేతి నడుమ ఒకటి, మోచేతి దగ్గర ఒకటి పీలికలు చుట్టి ముడి వేశాను. చేయి ఉన్నచోట ఉన్నట్టే ఉంది. కుర్తా ఒంటి మీద ఉంది. ఆమె కుడి చేత్తో భుజం మీది ముడిని పట్టుకుని చూసింది.

నేను వెంటనే నా విద్య బయటపెట్టాను. కోత అంచులకు పైపింగ్ వేద్దాం, అంటే పీచు లేవకుండా సన్నటి పట్టీ చుట్టి కుడదాం. లోపలి నుంచి ప్రెస్ బటన్లు పెట్టి పైన ఒక మడత కప్పేస్తే అక్కడ కోత ఉందని ఎవరికీ తెలియదు. మా పనిలో దీన్ని కన్సీల్డ్ ప్లాకెట్ అంటారు, దాచిన జోడింపు అన్నమాట. ఇదంతా గుక్కతిప్పుకోకుండా చెప్పాను.

ఆమె చివరిదాకా విని అడ్డంగా తలూపింది. “దాచుడు దేనికి? చెయ్యి ఇరిగింది అందరికి ఎరుకనే. ముడులు పైకే ఉండాలె. ఒక్కో ముడికి కుచ్చు కట్టాలె, నడుమ గవ్వ వెట్టాలె. చూసేటోళ్లు చూడనీ.”

అప్పటిదాకా ఆమెను నేను సాయం కావలసిన మనిషిగానే చూస్తున్నాను. ఆ మాటతో నా గర్వం కొంచెం కిందికి దిగింది.

జనగామ వచ్చాక మూడు రోజులు తిరిగి బాక్స్ సిద్ధం చేశాను. నూలు పట్టీ, నాలుగు రంగుల దారం, పెద్ద కన్ను సూదులు, గవ్వలు, పాత సామాన్ల అంగట్లో వెతికితే దొరికిన అసలు అద్దాలు. నేను పంపిన బాక్సుల్లో బట్ట లేనిది అదొక్కటే. సిస్టమ్‌లో ‘యాక్సెసరీస్’ అని ఎక్కించాను. టీమ్ లీడ్ ఫోన్ చేసి, “మేడం, ఇందులో టాప్ ఏది, బాటమ్ ఏది?” అని అడిగాడు. టాప్ ఆల్రెడీ ఆమె దగ్గరే ఉంది సార్ అన్నాను.

కుట్టింది అనితే. దాదికి ఒక చేయే పనిచేస్తుంది కాబట్టి గుడ్డను మోకాలి కింద అదిమిపట్టి, కుడి చేత్తో చూపించేదట. రక్తం తీసే సూది తప్ప ఇంకో సూది పట్టని పిల్ల. మొదట్లో వంకర పోయిన కుట్లన్నీ విప్పించేసింది ముసలమ్మ. అనిత ఫోన్ చేసి మొత్తుకునేది. “నాకు రాదు అక్కా, దాది సతాయిస్తుంది. పైగా కుట్టుకుంటనే పాడుమంటది. దారం చూడాల్నా, రాగం చూడాల్నా?” అలా అంటూనే ఒకసారి ఫోన్లో రెండు వరుసలు వినిపించింది. గొంతు వణికింది గాని పాట ఆగలేదు.

పెళ్లికి నన్ను పిలిచారు. మే నెల ఎండ, తాటాకు పందిరి, చెవులు చిల్లులు పడే డీజే. అప్పగింతల వేళకు డీజే అతను భోజనానికి కూర్చునేలా పెద్దవాళ్లు చూసుకున్నారు. అది కూడా వాళ్లు వేసుకున్న పథకమేనని నాకు తర్వాత తెలిసింది.

కేస్లీ దాది లోపలి గదిలోంచి వచ్చింది. ఎర్ర ఫేట్యా లంగా, తల మీద ముసుగు, ఒంటి మీద వాళ్లమ్మ కుట్టిన కాంచళి. గుమ్మం దాటి ఎండలోకి అడుగుపెట్టగానే అద్దాలన్నీ ఒక్కసారి అంటుకున్నాయి. పందిరి గుంజల మీద, పిల్లల ముఖాల మీద, నా చీర మీద వెలుగు చుక్కలు పరుగెత్తాయి. ఎడమ చేతి మీద మూడు ముడులు, మూడు కుచ్చులు. ఎవరూ గుసగుసలాడలేదు. ఆడవాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చారు.

అనిత ఆమె ముందు నిలబడింది. ఢావ్లోలో ఇద్దరూ మెడలు కౌగిలించుకోవాలి. దాది కుడి చేయి మనవరాలి వీపు మీదికి పోయింది. ఎడమది లేవలేదు, పక్కన వేలాడుతూ ఉండిపోయింది. అనిత వంగి, ఆ చేయిని మెల్లగా రెండు చేతులా పైకెత్తకుండానే పట్టుకుని, తన తలను దాని మీదికి, ఆమె భుజం కుచ్చు మీదికి దించింది. ముసలమ్మ రాగం తీసింది.

ఆ భాష నాకు రాదు. కన్నవాళ్ల ఇల్లు, తాగిన నీళ్లు, తోడు పెరిగినవాళ్లు, అందరినీ పేరు పేరునా తలుచుకుంటారని అనిత ముందే చెప్పింది. ఆ గొంతు పుట్టెడు బరువుతో లేచి, పందిరి మీదికి పోయి, అక్కడే కాసేపు నిలబడింది. రెండో వరుసలో అనిత అందుకుంది. ల్యాబ్‌లో రిపోర్టులు చదివే ఆ నెమ్మది గొంతేనా ఇది అనిపించింది. పాడుతున్నదీ ఏడుస్తున్నదీ విడదీయలేకపోయాను. కళ్లు తుడుచుకోవడం కూడా తోచక చూస్తూ నిలబడ్డాను. నా పక్కన ఉన్న పెళ్లికొడుకు తరఫు ఆడపిల్లలు ఫోన్లు పైకెత్తి, తర్వాత వాటిని వాళ్లే దించేశారు.

పాట అయ్యాక, అనితను కారెక్కించాక, దాది మంచం మీద కూర్చుని నీళ్లు తాగింది. నేను పక్కకు పోయాను. మా పనిలో ఫిట్ చెక్ అని ఒకటి ఉంటుంది. బట్ట ఎక్కడ పడుతోంది, ఎక్కడ గుచ్చుతోంది అని అడిగి తెలుసుకోవడం. అలవాటు కొద్దీ అడిగాను.

“భుజం కాడ బిగుతైందా దాదీ? ముడి ఏమన్న గుచ్చుకున్నదా?”

ఆమె ఎడమ చేతి వైపు తల తిప్పి చూసుకుంది. అక్కడ కుచ్చులున్న సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టు ఒకదాన్ని వేలితో కదిపింది.

“ఏమో బిడ్డా, ఎరుక లేదు. పాడుకుంట పాడుకుంట ఒంటి మీద బట్ట ఉన్న సంగతే మర్చిన.”

ఈ వృత్తిలో నన్ను చాలామంది మెచ్చుకున్నారు. సన్నగా కనపడ్డామని, వయసు తగ్గిందని, అందరూ ఎక్కడ కొన్నావని అడిగారని చెప్పారు. బట్ట సంగతే మర్చిపోయానని చెప్పింది మాత్రం ఆమె ఒక్కతే. చేయాల్సిన పనికి అడ్డురాకుండా, మనిషిని ఆ పని దాకా తీసుకుపోయి వదిలేసేదే మంచి బట్ట అని ఆ రోజు నేర్చుకున్నాను. అందుకే ఇప్పుడు కొత్త కస్టమర్ ఎవరొచ్చినా కొలతలూ రంగులూ తర్వాత అడుగుతాను. ముందు ఫోన్ చేసి, ఇవి తొడుక్కుని మీరు ఏం చేయాలనుకుంటున్నారు అని అడుగుతాను. చాలామంది కొంచెంసేపు మాట్లాడరు. వాళ్లు చెప్పేదాకా నేను లైన్‌లోనే ఉంటాను.